కోడ్‌బేస్ చిరునామా ఎవరు రాయాలి? జావా ఆర్.ఎం.ఐ.లో దూర క్లాసు లోడింగ్ – విమర్శనాత్మక పరిశీలన

భాగం – 12

విషయక్రమం
12.0 లక్ష్యాలు
12.1 ఉపోద్ఘాతం
12.2 సమస్య: ఆబ్జెక్టు వచ్చింది, క్లాసు రాలేదు
12.3 ఏర్పాటు పనిచేసే తీరు
12.4 ఈ ఏర్పాటు సాధించినవి
12.5 విమర్శ
12.6 మూల దోషం: చిరునామా రాసే హక్కు
12.7 2021 డిసెంబరు: లాగ్‌ఫోర్‌జె ఉదంతం
12.8 ప్రత్యామ్నాయాలతో పోలిక
12.9 సారాంశం
12.10 కీలక పదాలు
12.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

12.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• కంపైల్ చేసిన క్లాసు ఫైళ్లను నెట్‌వర్క్ ద్వారా దూరపు ప్రోగ్రాంకు అందించే విధానాన్ని వివరించగలుగుతారు.
• ఆ విధానం ఏ అవసరం నుంచి పుట్టిందో, ఏ మేరకు ఆ అవసరాన్ని తీర్చిందో చెప్పగలుగుతారు.
• ఆచరణలో ఎదురయ్యే లోపాలను, రూపకల్పనలోని లోపం నుంచి వేరు చేసి చూపగలుగుతారు.
• అదే అవసరాన్ని తీర్చే ఇతర పద్ధతులతో పోల్చి, మీ సొంత నిర్ణయానికి రాగలుగుతారు.

12.1 ఉపోద్ఘాతం

ఒక యంత్రంలో నడిచే ప్రోగ్రాం, మరో యంత్రంలో ఉన్న ఆబ్జెక్టు పద్ధతిని ఎలా పిలుస్తుందో కిందటి భాగంలో తెలుసుకొన్నారు. అక్కడ నెట్‌వర్క్‌పై ప్రయాణించింది దత్తాంశం మాత్రమే. సంఖ్యలు, అక్షరాలు, జాబితాలు వెళ్లాయి, జవాబులు వచ్చాయి. వాటితో పనిచేసే కోడ్ రెండు వైపులా ముందే ఉంది.

ఈ భాగంలో ఒక అడుగు ముందుకు వేస్తాం. దత్తాంశంతోపాటు, దాన్ని నడిపించే కంపైల్ చేసిన కోడ్ కూడా నెట్‌వర్క్ మీద వస్తే ఏమవుతుంది? ఒక పోలిక చూడండి. పొరుగింటివారు మనకు పులిహోర పంపడం ఒకటి. వంటమనిషినే పంపి, మన వంటింట్లో వండించడం మరొకటి. మొదటిదానిలో రుచి చూసి, నచ్చకపోతే పక్కన పెట్టవచ్చు. రెండోదానిలో మన పొయ్యి, మన సామాన్లు, మన తాళంచెవులు మరొకరి చేతికి వెళతాయి. వంట బాగుండవచ్చు. కానీ ఆ మనిషి ఎవరు, ఎవరు పంపారు, వంటిల్లు దాటి ఎక్కడికి పోవచ్చు అనే ప్రశ్నలు ముందే వేసుకోవాలి.

జావా భాష ఈ రెండో దారిని 1990లలో ఎంతో ధైర్యంగా ఎంచుకొంది. అది మంచి ఆలోచనా, కాదా అని కాక, అందులో ఏది మంచిది, ఏది పొరపాటు, ఆ పొరపాటు ఎందుకు ఇంతకాలం నిలిచింది అన్న ప్రశ్నలను ఈ భాగం పరిశీలిస్తుంది. పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో చెప్పి ఆగిపోతాయి. దాన్ని తూకం వేయడం కూడా విద్యార్థి పనే.

12.2 సమస్య: ఆబ్జెక్టు వచ్చింది, క్లాసు రాలేదు

జావా ప్రోగ్రాంను కంపైల్ చేస్తే బైట్‌కోడ్ వస్తుంది. ప్రతి క్లాసుకూ ఒక క్లాసు ఫైలు తయారవుతుంది. ఆ ఫైలు మొదటి నాలుగు బైట్లు ఎప్పుడూ ఒకటే. పదహారు ఆధారంగా రాస్తే అవి "కెఫే బేబ్" అనే రెండు ఆంగ్ల పదాలుగా చదవవచ్చు. తరవాతి నాలుగు బైట్లు ఫైలు రూపం ఏ సంచికకు చెందిందో చెబుతాయి. జావా 8 కంపైలరు అక్కడ 52 అని, జావా 17 కంపైలరు 61 అని రాస్తుంది.

ఆబ్జెక్టును నెట్‌వర్క్‌పై పంపేటప్పుడు జావా దాని స్థితిని, అంటే చరాల విలువలను, బైట్ల వరసగా మారుస్తుంది. దీన్ని సీరియలైజేషన్ అంటాం. ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం: ఆ వరసలో క్లాసు పేరు ఉంటుంది, విలువలు ఉంటాయి, పద్ధతుల కోడ్ మాత్రం ఉండదు. అందుకొనే యంత్రం దగ్గర ఆ పేరు గల క్లాసు లేకపోతే ఆబ్జెక్టును తిరిగి నిర్మించలేదు. "క్లాసు దొరకలేదు" అనే మినహాయింపు వస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఆర్.ఎం.ఐ. నేర్పడానికి సన్ మైక్రోసిస్టమ్స్ తన జావా పాఠమాలలో వాడింది ఈ ఉదాహరణనే. ఒక పెద్ద సర్వరు ఉంది. దానికి ఏ పనిని ఇచ్చినా చేసి పెడుతుంది. "పని" అనే ఇంటర్‌ఫేస్ మాత్రమే దానికి తెలుసు. క్లయింటు, పై విలువను కావలసినన్ని దశాంశ స్థానాలవరకు లెక్కించే క్లాసును రాసి, ఆ క్లాసు ఆబ్జెక్టును సర్వరుకు పంపుతుంది. సర్వరును రాసినవారు ఆ క్లాసును ఎన్నడూ చూడలేదు. సర్వరును ఆపి, కొత్త క్లాసు చేర్చి, మళ్లీ మొదలుపెట్టకుండా ఈ పని జరగాలి. ఎలా?

12.3 ఏర్పాటు పనిచేసే తీరు

1997లో వచ్చిన జె.డి.కె. 1.1తో ఆర్.ఎం.ఐ. జావాలో భాగమైంది. పై సమస్యకు అది ఇచ్చిన జవాబును నాలుగు మెట్లుగా చెప్పవచ్చు.

మొదటి మెట్టు: క్లయింటు తన క్లాసు ఫైళ్లను ఒక హెచ్.టి.టి.పి. సర్వరులో ఉంచుతుంది. దీన్నే క్లాసు సర్వరు అంటారు. ఇందులో గొప్ప యంత్రాంగం ఏమీ లేదు. మామూలు వెబ్ సర్వరు చాలు. కొద్ది పంక్తుల జావా ప్రోగ్రాంతో సొంతంగా కూడా రాసుకోవచ్చు. అడిగిన దారిని చదవాలి, దానికి సరిపోయే క్లాసు ఫైలును తెరవాలి, పొడవు ఎన్ని బైట్లో చెప్పాలి, బైట్లు పంపాలి.

రెండో మెట్టు: క్లయింటు తన జావా యంత్రానికి కోడ్‌బేస్ అనే లక్షణం ద్వారా ఆ సర్వరు చిరునామాను తెలియజేస్తుంది. ఆ తరవాత ఆర్.ఎం.ఐ. ద్వారా బయటికి వెళ్లే ప్రతి ఆబ్జెక్టు వరసలోనూ క్లాసు పేరు పక్కన ఈ చిరునామా ముద్ర పడుతుంది.

మూడో మెట్టు: వరసను అందుకొన్న సర్వరు ముందు తన దగ్గర ఆ క్లాసు ఉందేమో వెతుకుతుంది. లేకపోతే వరసలో ఉన్న చిరునామాకు వెళ్లి అడుగుతుంది. క్లాసు పేరులోని చుక్కలు దారిలో గీతలుగా మారతాయి. "క్లయింట్" ప్యాకేజీలోని "పై" క్లాసు కావాలంటే, ఆ చిరునామా కింద "క్లయింట్" సంచయంలో ఉన్న "పై" క్లాసు ఫైలును అడుగుతుంది.

నాలుగో మెట్టు: వచ్చిన బైట్లను క్లాసు లోడరు తీసుకొంటుంది. వెరిఫయర్ వాటిని తనిఖీ చేస్తుంది. తరవాత క్లాసు సిద్ధమవుతుంది, ఆబ్జెక్టు నిర్మాణమవుతుంది, పద్ధతి నడుస్తుంది.

ఇందులో సర్వరు, క్లయింటు పాత్రలు తారుమారైన సంగతి గమనించండి. లెక్కించే సర్వరు కోడ్ విషయంలో క్లయింటు అవుతుంది. పని పంపిన క్లయింటు కోడ్‌ను అందించే సర్వరు అవుతుంది. విద్యార్థులు తికమకపడే చోటు ఇదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. సీరియలైజ్ చేసిన వరసలో ఏవి ఉంటాయి? ఏది ఉండదు?
2. క్లాసు సర్వరు చిరునామా అందుకొనే యంత్రానికి ఏ దారిలో తెలుస్తుంది?

12.4 ఈ ఏర్పాటు సాధించినవి

విమర్శకు ముందు న్యాయంగా చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి.

అంతకుముందున్న పద్ధతులలో, ఉదాహరణకు 1991లో తొలి ప్రమాణం వెలువడిన కోర్బాలో, రెండు వైపులా ముందుగా ఒప్పందం రాసుకొని, దాని నుంచి కోడ్ తయారుచేసుకొని, రెండు చోట్లా స్థాపించుకోవాలి. పంపేది ఒప్పందంలో చెప్పిన రకమే కావాలి. దాని ఉపరకాన్ని పంపితే దాని ప్రత్యేక ప్రవర్తన అవతలికి చేరదు. ఆబ్జెక్టు ఆధారిత ప్రోగ్రామింగ్‌లో ముఖ్యమైన బహురూపత యంత్రం గోడ దగ్గర ఆగిపోతుంది. ఆర్.ఎం.ఐ. ఆ గోడను తొలగించింది. అవతలివారు ఎన్నడూ చూడని ఉపరకం కూడా తన ప్రవర్తనతో సహా ప్రయాణించింది. ఇది చిన్న విషయం కాదు.

ఈ బలంమీదే 1999లో సన్ సంస్థ జినీ అనే వ్యవస్థను విడుదల చేసింది. నెట్‌వర్క్‌లో కొత్తగా చేరిన ప్రింటరు, తనతో మాట్లాడే ప్రతినిధి ఆబ్జెక్టును ఒక వెతుకులాట సేవలో ఉంచుతుంది. ప్రింటరు కావలసిన ప్రోగ్రాం ఆ ప్రతినిధిని దించుకొంటుంది. దాని కోడ్ ప్రింటరు వైపు క్లాసు సర్వరు నుంచి వస్తుంది. డ్రైవరును వేరే స్థాపించనక్కరలేదు. ప్రింటరు మారితే కోడ్ దానంతట అదే మారుతుంది. కొత్త పరికరం కొన్నప్పుడల్లా డ్రైవరు డిస్కు వెతుక్కొన్న తరానికి ఇది ఎంత ఆకర్షణీయమో ఊహించవచ్చు.

12.5 విమర్శ

ఈ ఏర్పాటుపై చేయదగిన విమర్శను మూడు తరగతులుగా విభజించి, నాలుగోదాన్ని వేరే విభాగంలో చర్చిద్దాం. ఈ విభజన ముఖ్యమైనది. మొదటి మూడు తరగతుల లోపాలను శ్రమతో సరిచేసుకోవచ్చు. నాలుగోది అలాంటిది కాదు.

12.5.1 ఆచరణలోని పెళుసుదనం

కోడ్‌బేస్ చిరునామా ఒక సంచయాన్ని సూచిస్తే దాని చివర గీత తప్పనిసరి. గీత లేకపోతే జావా దాన్ని సంచయంగా కాక, ఒక జార్ ఫైలుగా భావిస్తుంది. ఒక్క గుర్తు తప్పితే ప్రోగ్రాం "క్లాసు దొరకలేదు" అంటుంది. గీత మరచిపోయారని మాత్రం చెప్పదు.

రెండోది ఇంకా మోసకరం. కోడ్‌బేస్‌గా హెచ్.టి.టి.పి. చిరునామాకు బదులు సొంత డిస్కులోని ఫైలు చిరునామా ఇచ్చారనుకోండి. ప్రయోగశాలలో రెండు ప్రోగ్రాంలనూ ఒకే యంత్రంపై నడిపితే అంతా సవ్యంగా జరుగుతుంది. అదే ప్రోగ్రాంలను రెండు యంత్రాలపై ఉంచితే, అందుకొనే యంత్రం ఆ చిరునామాను తన డిస్కులో వెతుకుతుంది. అక్కడ ఏమీ ఉండదు. పరీక్షలో నెగ్గి, వాడుకలో ఓడే ప్రోగ్రాంకు ఇది మంచి ఉదాహరణ.

మూడోది రిజిస్ట్రీకి సంబంధించింది. రిజిస్ట్రీ ప్రోగ్రాంను మొదలుపెట్టినప్పుడు దాని క్లాసు దారిలో మన క్లాసులు ఉంటే, అది వాటిని స్థానికంగానే లోడ్ చేసుకొంటుంది. అప్పుడు కోడ్‌బేస్ ముద్ర పోతుంది. తరవాత రిజిస్ట్రీని అడిగిన క్లయింటుకు చిరునామా లేని ఆబ్జెక్టు అందుతుంది. తప్పు ఒక చోట, ఫలితం మరొక చోట.

వీటన్నింటికీ ఉన్న సామాన్య లక్షణం ఒకటే: క్లాసు లోడింగ్ కంటికి కనిపించదు. ప్రోగ్రాం మామూలు పద్ధతి పిలుపులా రాస్తారు. వెనక ఒక వెబ్ సర్వరు బతికి ఉండాలి, దారి సరిగా ఉండాలి, సంచిక సరిపోవాలి. జావా 17తో కంపైల్ చేసిన క్లాసును జావా 8 యంత్రం దించుకొన్నా నడపలేదు. క్లాసు సర్వరు ఆగిపోతే, నడుస్తున్న సేవ కూడా మొదటిసారి ఒక కొత్త క్లాసు అవసరమైన క్షణాన కుప్పకూలవచ్చు.

ఇక్కడ ఒక చారిత్రక విడ్డూరం ఉంది. 1994లో సన్ ప్రయోగశాలలకు చెందిన జిమ్ వాల్డో, జెఫ్ వయాంట్, ఆన్ వోల్‌రాత్, శామ్ కెండల్ ఒక ప్రసిద్ధ పత్రం రాశారు. దూరపు ఆబ్జెక్టును దగ్గరి ఆబ్జెక్టులా భావించడం తప్పని వారి వాదన. జాప్యం, జ్ఞాపకశక్తిని చేరే తీరు, పాక్షిక వైఫల్యం, ఏకకాలికత – ఈ నాలుగింటిలో రెండూ వేరని వారు చూపారు. ఆ రచయితలలో వోల్‌రాత్, వాల్డో ఆర్.ఎం.ఐ. రూపకల్పనలోనూ పాలుపంచుకొన్నారు. అందుకే ఆర్.ఎం.ఐ.లో ప్రతి దూర పద్ధతీ దూర మినహాయింపును ప్రకటించాలనే నియమం ఉంది. పిలుపు విషయంలో పాటించిన ఈ జాగ్రత్త క్లాసు లోడింగ్ విషయంలో కనిపించదు. అంతేకాదు, వారి నాలుగు అంశాలలో నమ్మకం అనే ఐదోది లేదు. దాని వెల ఎంతో తరవాత తెలిసింది.

12.5.2 క్లాసు గుర్తింపు

జావా యంత్రంలో క్లాసును గుర్తించేది పేరు ఒక్కటే కాదు. పేరు, దాన్ని లోడ్ చేసిన లోడరు రెండూ కలిస్తేనే గుర్తింపు. ఒకే పేరు, ఒకే బైట్లు ఉన్నా రెండు లోడర్ల ద్వారా వస్తే అవి రెండు వేర్వేరు రకాలు. అందుకే ఒక క్లాసును అదే పేరు గల క్లాసుగా మార్చలేమని చెప్పే విచిత్రమైన సందేశం కొన్నిసార్లు తెరపై కనిపిస్తుంది. మొదటిసారి చూసినవారు యంత్రానికి మతి పోయిందనుకొంటారు. దోషం యంత్రానిది కాదు. పేరు చాలదన్న నియమానిది.

ఈ నియమం అవసరమే. వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన కోడ్ కలిసిపోకుండా ఇది గోడ కడుతుంది. కానీ ఆ గోడలో మొదట్లో బీటలున్నాయి. ఒక లోడరు ఇచ్చిన క్లాసును, మరో లోడరు ఇచ్చిన అదే పేరు గల క్లాసుగా యంత్రం పొరపడే వీలుందని, దానివల్ల రకాల భద్రత చెడుతుందని 1997లో విజయ్ సరస్వత్ చూపారు. 1998లో షెంగ్ లియాంగ్, గిలాడ్ బ్రాచా లోడింగ్ నిబంధనలనే పరిష్కారాన్ని వివరించారు. అంటే దూరం నుంచి వచ్చే కోడ్‌కు పునాది అయిన క్లాసు లోడరు సిద్ధాంతం, అది వాడుకలోకి వచ్చిన తరవాతగాని గట్టిపడలేదు.

12.5.3 వెరిఫయర్, అనుమతులు: వాటి హద్దులు

దూరపు కోడ్‌ను సమర్థించేవారు సాధారణంగా చెప్పే జవాబు, వెరిఫయర్ ఉంది కదా అన్నది. వెరిఫయర్ చేసే పని విలువైనదే. సంఖ్యను చిరునామాగా వాడకుండా, స్టాకు దాటి చదవకుండా, కోడ్ మధ్యలోకి అక్రమంగా దూకకుండా అది అడ్డుకొంటుంది. కానీ అది వ్యాకరణం చూస్తుంది, ఉద్దేశం చూడదు. వ్యాకరణ దోషం లేని బెదిరింపు లేఖ ఉండవచ్చు కదా. అనంతంగా తిరిగే వలయాన్ని, జ్ఞాపకశక్తినంతా ఆక్రమించే జాబితాను వెరిఫయర్ ఆపలేదు. అవి సక్రమమైన కోడే.

రెండో రక్షణ సెక్యూరిటీ మేనేజర్. ఏ చోటి నుంచి వచ్చిన కోడ్‌కు ఏ అనుమతులుండాలో ఒక విధాన ఫైలులో రాస్తాం. సన్ పాఠమాలలోని ఉదాహరణ ఇక్కడ మెచ్చుకోదగింది: సొంత డిస్కులోని క్లాసులకే అన్ని అనుమతులూ ఇచ్చి, బయటి నుంచి వచ్చిన పై క్లాసుకు ప్రత్యేకంగా ఏదీ ఇవ్వలేదు. సెక్యూరిటీ మేనేజర్ లేకపోతే ఆర్.ఎం.ఐ. బయటి క్లాసులను దించదు కూడా. నియమం మంచిదే. కానీ అనుమతి చాలలేదన్న మినహాయింపు పదేపదే వస్తుంటే, విసిగిన ప్రోగ్రామరు విధాన ఫైలులో అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చే ఒక్క పంక్తి రాస్తాడు. ప్రోగ్రాం నడుస్తుంది. కాపలాదారు ఉన్నాడు గాని తలుపు తీసే ఉంది.

మరో లోతైన ఇబ్బంది ఉంది. ఈ రక్షణ, జావా గ్రంథాలయంలో ప్రమాదకరమైన ప్రతి చోటా "ఇతనికి అనుమతి ఉందా?" అని అడగడంపై ఆధారపడుతుంది. ఒక్క చోట అడగడం మరచినా రక్షణ మొత్తం పోతుంది. గ్రంథాలయం పెరిగే కొద్దీ అడగవలసిన చోట్లూ పెరుగుతాయి. 1996లోనే ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన డ్రూ డీన్, ఎడ్వర్డ్ ఫెల్టెన్, డాన్ వాలక్ బ్రౌజరులో నడిచే ఆప్లెట్లు ఈ కంచెను దాటగలవని చూపారు. చివరికి 2021లో జావా 17, ఆప్లెట్‌నూ సెక్యూరిటీ మేనేజర్‌నూ రెంటినీ తొలగింపు జాబితాలో చేర్చింది. 2025లో జావా 24 సెక్యూరిటీ మేనేజర్‌ను శాశ్వతంగా పనిచేయకుండా చేసింది.

కోడ్‌పై సంతకం చేయడం కూడా పాక్షిక పరిష్కారమే. సంతకం ఎవరు పంపారో చెబుతుంది. పంపింది ఏమి చేస్తుందో చెప్పదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1. కోడ్‌బేస్‌గా ఫైలు చిరునామా ఇస్తే ప్రయోగశాలలో పనిచేసి, వాడుకలో ఎందుకు విఫలమవుతుంది?
2. వెరిఫయర్ ఆపగల ఒక తప్పును, ఆపలేని ఒక తప్పును పేర్కొనండి.

12.6 మూల దోషం: చిరునామా రాసే హక్కు

ఇప్పటివరకు చెప్పిన లోపాలు లేని వ్యవస్థను ఊహించుకొందాం. గీతలన్నీ సరిగా ఉన్నాయి, క్లాసు సర్వరు ఎప్పుడూ ఆగదు, వెరిఫయర్‌లో పొరపాటు లేదు. అప్పుడైనా ఈ ఏర్పాటు సరైనదేనా?

రెండో మెట్టును మళ్లీ చూడండి. కోడ్ ఎక్కడ నుంచి తేవాలో చెప్పే చిరునామా, వచ్చిన వరసలోనే ఉంది. అంటే ఎవరిని నమ్మాలో నిర్ణయించే మాటను, ఇంకా నమ్మకం కుదరని మనిషే రాస్తున్నాడు. ఇంటికి వచ్చిన కొత్తవ్యక్తి తన గురించి విచారించడానికి ఫోను నంబరు కూడా తానే ఇచ్చినట్లు. ఆ నంబరుకు ఫోను చేస్తే మంచివాడనే చెబుతారు.

ఈ భాగం వాదన ఇది: కోడ్ నెట్‌వర్క్ ద్వారా రావడం దోషం కాదు, దాని చిరునామాను పంపేవాడు రాయడం దోషం. దత్తాంశం అందుకొనేందుకు తెరిచిన ద్వారం, ఈ ఒక్క నిర్ణయంతో కోడ్ అందుకొనే ద్వారంగా మారుతుంది. ఒకసారి లోపలికి వచ్చిన క్లాసు అదే ప్రక్రియలో, అదే జ్ఞాపకశక్తిలో, మన కోడ్ పక్కనే నడుస్తుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత. ఈ ఏర్పాటు బయటి దొంగను ఇంటివాడిని చేస్తుంది.

దీనికి ఒక అభ్యంతరం చెప్పవచ్చు. 1997లో ఆర్.ఎం.ఐ.ని ఎక్కువగా సంస్థల లోపలి నెట్‌వర్క్‌ల కోసం ఉద్దేశించారు. అక్కడ అందరూ తెలిసినవారే. నేటి కొలబద్దతో నాటిని కొలవడం న్యాయమా? ఈ అభ్యంతరంలో కొంత బలం ఉంది. కానీ పూర్తిగా నిలవదు. నెట్‌వర్క్ సురక్షితమని, దానికి ఒకే నిర్వాహకుడు ఉంటాడని అనుకోవడం పంపిణీ వ్యవస్థలలో చేసే సామాన్య పొరపాట్లని, సన్ సంస్థలోనే పనిచేసిన పీటర్ డ్యూష్ పేరుతో ప్రసిద్ధమైన జాబితా ఆ దశాబ్దంలోనే హెచ్చరించింది. హెచ్చరిక లేక జరిగిన పొరపాటు కాదిది.

జావా నిర్వాహకులు కూడా చివరికి ఇదే నిర్ణయానికి వచ్చారని చెప్పవచ్చు. 2013 ఏప్రిల్‌లో విడుదలైన జావా 7, 21వ నవీకరణ, ఆర్.ఎం.ఐ.లో ఒక అమరిక విలువను తిప్పింది. అప్పటి నుంచి, ప్రత్యేకంగా మార్చుకొంటే తప్ప, వరసలో వచ్చిన చిరునామాను జావా పట్టించుకోదు. అందుకొనే యంత్రం తన సొంత అమరికలో రాసుకొన్న చిరునామా నుంచే క్లాసులు తెస్తుంది. యంత్రాంగం తీసివేయలేదు; చిరునామా రాసే హక్కును పంపేవాడి నుంచి అందుకొనేవాడికి మార్చారు. ఈ చిన్న మార్పుకు 16 సంవత్సరాలు పట్టింది.

12.7 2021 డిసెంబరు: లాగ్‌ఫోర్‌జె ఉదంతం

ఆర్.ఎం.ఐ.లో తలుపు మూసినా, అదే నమూనా మరో చోట మిగిలింది. జావాలో పేర్ల ద్వారా వనరులను వెతికే జె.ఎన్.డి.ఐ. అనే సౌకర్యం ఉంది. దాని ద్వారా ఒక డైరెక్టరీ సర్వరును అడిగితే, అది జవాబుగా ఒక క్లాసు పేరును, ఆ క్లాసు దొరికే చిరునామాను ఇవ్వవచ్చు. అడిగిన యంత్రం ఆ చిరునామా నుంచి క్లాసును దించి నడుపుతుంది. ఇక్కడ కూడా చిరునామా రాసేది అవతలివారే.

లాగ్‌ఫోర్‌జె అనేది ప్రోగ్రాంలో జరిగే సంఘటనలను చిట్టా రాసుకొనే జావా గ్రంథాలయం. దాని రెండో తరం సంచికలో 2013లో ఒక సౌకర్యం చేరింది: చిట్టాలో రాయవలసిన వాక్యంలో ఒక ప్రత్యేక గుర్తుల మధ్య జె.ఎన్.డి.ఐ. చిరునామా ఉంటే, గ్రంథాలయం దాన్ని వెతికి ఫలితాన్ని ఆ స్థానంలో ఉంచుతుంది. ఇప్పుడు రెండింటినీ కలిపి చూడండి. ఎవరైనా లాగిన్ పేరు గడిలో అలాంటి వాక్యం రాస్తారు. సర్వరు "ఫలానా పేరుతో ప్రయత్నం జరిగింది" అని చిట్టా రాసుకోబోతుంది. గ్రంథాలయం ఆ చిరునామాకు వెళుతుంది. అక్కడి సర్వరు మరో చిరునామా ఇస్తుంది. అక్కడ ఒక మామూలు క్లాసు సర్వరు, 12.3లో చదివినదే, కొన్ని బైట్లు అందిస్తుంది. అవి సర్వరులో నడుస్తాయి. చిట్టా రాయడం అనే అత్యంత నిరపాయమైన పని, అపరిచితుడి కోడ్‌ను నడిపే పనిగా మారింది.

2021 డిసెంబరులో బయటపడిన ఈ లోపానికి తీవ్రత కొలమానంలో గరిష్ఠమైన 10కి 10 వచ్చింది. ఈ దారి ప్రమాదకరమని 2016 బ్లాక్ హ్యాట్ సమావేశంలోనే అల్వారో మున్యోజ్, ఒలెక్సాండ్ర్ మిరోష్ వివరించారు. జావా కూడా స్పందించింది: 2017 జనవరిలో ఆర్.ఎం.ఐ. దారిలోను, 2018 అక్టోబరులో ఎల్‌డాప్ దారిలోను దూరపు చిరునామాలను నమ్మడం మానింది. అయితే పాత జావాతో నడుస్తున్న యంత్రాలకు ఆ రక్షణ అందలేదు. కొత్త జావాలలో కూడా, బయటి క్లాసు దించకుండానే లోపల ఉన్న క్లాసులను దుర్వినియోగం చేసే మార్గాలు మిగిలాయి. కాబట్టి ఈ ఉదంతానికి కోడ్‌బేస్ ఒక్కటే కారణమని చెప్పరాదు. బయటి వాక్యాన్ని ఆజ్ఞగా చదవడం మొదటి తప్పు. ఆ ఆజ్ఞకు కోడ్ తెచ్చే శక్తి ఉండటం రెండోది. ఒకటి లేకుంటే మరొకటి ఇంత హాని చేసేది కాదు.

ఒక సౌకర్యాన్ని విమర్శించేటప్పుడు దాన్ని ఒంటరిగా చూస్తే సరిపోదని ఈ ఉదంతం నేర్పుతుంది. తరవాత దాని చుట్టూ చేరే వాటితో కలిపి చూడాలి. దూర క్లాసు లోడింగ్‌ను రూపొందించినవారు చిట్టా రాసే గ్రంథాలయాన్ని ఊహించలేరు. కానీ అవతలివారి చిరునామాను నమ్మడం అనే శక్తిని వదిలితే, ఎవరో ఒకరు ఎప్పుడో దానికి దారి వేస్తారని ఊహించవచ్చు.

12.8 ప్రత్యామ్నాయాలతో పోలిక

మొదటి ప్రత్యామ్నాయం: కోడ్ అసలు పంపకుండా దత్తాంశమే పంపడం. నేటి వెబ్ సేవలలో చాలావరకు జేసన్ రూపంలో దత్తాంశాన్ని మార్చుకొంటాయి. ఇది సురక్షితం, సులభం. కానీ 12.2లోని సమస్య అలాగే ఉంటుంది: కొత్త ప్రవర్తన కావాలంటే రెండు వైపులా కోడ్ మార్చాలి. బహురూపతను వదులుకొని భద్రతను కొనుక్కొన్నాం. ఇది బేరమే గాని ఉచితం కాదు.

రెండోది: కోడ్‌ను నడిచేటప్పుడు కాక, నిర్మించేటప్పుడు తెచ్చుకోవడం. నేడు జావా ప్రోగ్రామర్లు మావెన్ వంటి భాండాగారాల నుంచి గ్రంథాలయాలను దించుకొంటారు. అంటే కంపైల్ చేసిన కోడ్ నెట్‌వర్క్ మీద రావడం ఆగలేదు. వచ్చే సమయం మారింది. తేడా ఏమిటంటే, ఏ భాండాగారం, ఏ సంచిక అన్నది అందుకొనేవాడు రాసుకొంటాడు. వేలిముద్ర వంటి హాష్ విలువతో సరిపోల్చుకోవచ్చు. ఈ పద్ధతీ పూర్తిగా సురక్షితం కాదు. లాగ్‌ఫోర్‌జె ఎన్నో ప్రోగ్రాంలలోకి చేరింది ఈ దారిలోనే.

మూడోది వెబ్అసెంబ్లీ. 2017 నాటికి నాలుగు ప్రధాన బ్రౌజర్లు దీన్ని ఆమోదించాయి. 2019 డిసెంబరులో ఇది ప్రపంచవ్యాప్త వెబ్ కన్సార్షియం ప్రమాణమైంది. ఇది కూడా కంపైల్ చేసిన కోడ్‌ను నెట్‌వర్క్‌పై అందించడమే. వ్యత్యాసం అనుమతులలో ఉంది. జావాలో దించిన క్లాసుకు గ్రంథాలయమంతా కనిపిస్తుంది. చేయరాని పనులను ఒక్కొక్కటిగా నిషేధించాలి. వెబ్అసెంబ్లీ భాగానికి మొదట ఏదీ కనిపించదు. అతిథేయి చేతికిచ్చిన పనిముట్లనే అది వాడగలదు. ఫైలు తెరిచే పనిముట్టు ఇవ్వకపోతే ఫైలు తెరిచే మార్గమే లేదు. మన పోలికలో చెప్పాలంటే, వంటమనిషికి ఇల్లంతా చూపి కొన్ని గదులకు కాపలా పెట్టడం ఒకటి. నాలుగు గోడల వంటింట్లోకి కావలసిన సామాను కిటికీ గుండా అందించడం మరొకటి. అయితే గరిట ఇచ్చాక దానితో ఏం చేస్తాడన్నది ఇక్కడ కూడా నమ్మకానికి సంబంధించిందే.

12.9 సారాంశం

కంపైల్ చేసిన కోడ్‌ను దూరపు ప్రోగ్రాంకు అందించడం నిజమైన అవసరం నుంచి పుట్టింది. జావా ఆర్.ఎం.ఐ. దానికి సరళమైన జవాబు చెప్పింది: క్లాసు ఫైళ్లను ఒక హెచ్.టి.టి.పి. సర్వరులో ఉంచి, ఆబ్జెక్టు వరసపై చిరునామా ముద్ర వేయడం. దీనివల్ల బహురూపత యంత్రాల హద్దు దాటింది. ఆచరణలోని పెళుసుదనం, క్లాసు గుర్తింపులోని చిక్కులు, రక్షణల హద్దులు – ఈ మూడూ తీవ్రమైనవే అయినా సవరణకు లొంగేవి. అసలు దోషం, కోడ్ ఎక్కడ నుంచి రావాలో పంపేవాడు నిర్ణయించడం. 2013లో ఆర్.ఎం.ఐ. దాన్ని సవరించుకొంది, అదే నమూనా మరో చోట మిగిలి 2021లో హాని చేసింది.

ఇలాంటి ఏ ఏర్పాటు ఎదురైనా మూడు ప్రశ్నలు వేయండి. చిరునామాను ఎవరు రాశారు? వచ్చింది మనం కోరినదేనని ఎలా తెలుసు? లోపలికి వచ్చిన కోడ్‌కు మొదట ఏమి కనిపిస్తుంది? మీ ఫోనులోని యాప్ తనను తాను నవీకరించుకొన్నప్పుడు కూడా ఈ మూడు ప్రశ్నలే వర్తిస్తాయి.

12.10 కీలక పదాలు

బైట్‌కోడ్: జావా మూల ప్రోగ్రాంను కంపైల్ చేయగా వచ్చే, జావా యంత్రం నడపగల సంకేతం.
క్లాసు లోడరు: క్లాసు పేరును బట్టి బైట్‌కోడ్‌ను వెతికి తెచ్చి, జావా యంత్రంలో క్లాసుగా నమోదు చేసే భాగం.
క్లాసు సర్వరు: క్లాసు ఫైళ్లను లేదా జార్ ఫైళ్లను హెచ్.టి.టి.పి. ద్వారా అందించే సర్వరు.
కోడ్‌బేస్: క్లాసులు దొరికే చోటును తెలిపే చిరునామా.
వెరిఫయర్: బైట్‌కోడ్ రకాల నియమాలను పాటిస్తోందో లేదో తనిఖీ చేసే భాగం.
సీరియలైజేషన్: ఆబ్జెక్టు స్థితిని బైట్ల వరసగా మార్చడం.

12.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఆర్.ఎం.ఐ.లో క్లాసు సర్వరు పాత్రను వివరించండి.
2. ఒకే పేరు గల రెండు క్లాసులు వేర్వేరు రకాలు ఎప్పుడవుతాయి?
3. జావా 7, 21వ నవీకరణ చేసిన మార్పు ప్రాధాన్యం ఏమిటి?

II. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. దూర క్లాసు లోడింగ్‌లో సవరించదగిన లోపాలను, రూపకల్పనలోని మూల దోషాన్ని వేరుచేసి చర్చించండి.
2. లాగ్‌ఫోర్‌జె ఉదంతానికి దూర క్లాసు లోడింగ్ ఏ మేరకు బాధ్యత వహించాలి? మీ అభిప్రాయాన్ని కారణాలతో సమర్థించండి.
3. "దత్తాంశం మాత్రమే పంపడం భద్రతను ఇస్తుంది, కానీ ఉచితం కాదు" – వ్యాఖ్యానించండి. ఈ భాగం రచయితతో మీరు విభేదించే అంశం ఏదైనా ఉంటే చూపండి.